అక్షరము ఎందుకు ఊడినది?

విజయవాడలోని ఒక పాఠశాలలో పిల్లలు తమ హస్తకళల గది గుమ్మమునకు ఒక అక్షరఫలకము చేసిరి. అడుగున చదునైన కొయ్యపలక. దానిపై అతికించిన పెడన కలంకారీ గుడ్డ. గుడ్డమీద కొయ్యలో కోసిన పెద్ద 'అ'. పలక అంచుచుట్టు ఇత్తడి రేకు. వేసవి సెలవులలో చేసినప్పుడది చూడముచ్చటగా నుండెను. ఆగష్టు వచ్చుసరికి 'అ' ఒక ప్రక్క పైకి లేచినది. ఇత్తడి రేకు మేకులను వదలి వంగినది. గుడ్డ ముడుతలు పడినది. మరికొద్ది దినములకు అక్షరము ఊడి నేలపై బడి రెండు ముక్కలైనది.

"జిగురు మంచిది కాదేమో, మాస్టారూ" అని ఒక బాలిక నాతో అన్నది. చూచినవారందరును అదే తలచిరి. అయితే ఊడిన అక్షరమును తిరుగవేసి చూడగా, దాని వెనుక జిగురుతోపాటు గుడ్డపోగులు కూడ అంటుకొని యున్నవి. అనగా జిగురు తన పట్టు విడువలేదు, గుడ్డయే చినిగినది. జిగురుకన్న బలమైన శక్తి ఏదో అక్షరమును లాగినదన్నమాట. ఆ శక్తి ఎక్కడిది?

కొయ్య నీరు త్రాగును

చెట్టును కొట్టి, కోసి, పలకచేసి, ఏండ్లతరబడి ఆరబెట్టినను కొయ్యకు దాహము తీరదు. కొయ్య సన్నని గొట్టములవంటి కణములతో నిర్మితమైనది. ఆ గొట్టముల గోడలలో ముఖ్యపదార్థము సెల్యులోజు. దీని అణువులలో ఉదజని, ఆమ్లజని జంటలు అనేకము కలవు. ఇవి నీటి అణువులను తమవైపు ఆకర్షించును. గాలిలో తేమ పెరిగినప్పుడు నీరు కణముల గోడలలోనికి దూరి వానిని ఉబ్బించును. గాలి పొడిబారినప్పుడు ఆ నీరు బయటకు పోయి గోడలు కుదించుకొనును.

ఈ ఉబ్బు అన్ని దిక్కులందును సమానముగా నుండదు. కొయ్యనార సాగిన దిక్కున, అనగా చెట్టు ఎదిగిన నిలువుదిక్కున, మార్పు లేదన్నంత స్వల్పము. పచ్చికొయ్య పూర్తిగా ఎండినప్పుడు నిలువున తగ్గునది సాధారణముగా నూటికి 0.1 నుండి 0.2 వంతులు మాత్రమే. నారకు అడ్డముగానైతే, కొయ్యజాతిని బట్టి, నూటికి 5 మొదలు 10 వంతులవరకు తగ్గవచ్చును. ఈ భేదమును గుర్తుంచుకొన్నచో మన కథలోని చిక్కు సగము విడినట్లే.

ఇప్పుడు కృష్ణా డెల్టా వాతావరణమును తలచుకొందము. మే నెలలో విజయవాడలో వడగాలులు వీచును. పగటి వేడి కొన్ని దినములలో 45 డిగ్రీల సెంటిగ్రేడుకు చేరువగును. కొయ్యలోని తేమ చాలవరకు పోవును. తరువాత నైరుతి ఋతుపవనము వచ్చును, కాలువలు పారును, పొలములన్నియు నీటితో నిండును. అదే కొయ్య మరల తేమను పీల్చుకొనును. 20 సెంటీమీటర్ల వెడల్పుగల పలక నూటికి ఒక్కవంతు మాత్రమే ఉబ్బినదనుకొన్నను 2 మిల్లీమీటర్లు పెరుగును.

పిల్లలు చేసిన ఫలకములో అడుగుపలక నార అడ్డముగా నున్నది; అక్షరమునకు వాడిన కొయ్య నార నిలువుగా నున్నది. వానలలో పలక పైకిని క్రిందికిని ఉబ్బగోరినది. అక్షరము కుడియెడమలకు ఉబ్బగోరినది. రెంటిని కలిపి జిగురు గట్టిగా బంధించినది. ఏదో ఒకటి తెగక తప్పదు. మధ్యనున్న గుడ్డ తెగినది.

ఇత్తడి సంగతి వేరు. రాగి, యశదముల మిశ్రమమైన ఈ లోహము తేమను పీల్చదు. వేడికి మాత్రము వ్యాకోచించును. 20 సెంటీమీటర్ల ఇత్తడి రేకు 20 డిగ్రీలు వేడెక్కినప్పుడు పెరుగునది సుమారు 0.08 మిల్లీమీటరు మాత్రమే. కొయ్య 2 మిల్లీమీటర్లు కదలిన చోట ఇత్తడి కదలలేదు. అందువలన మేకులు లేచినవి.

కొండపల్లి వారి నేర్పు

ఈ చిక్కును ఎదుర్కొన్నవారు విజయవాడకు సుమారు 20 కిలోమీటర్ల దూరములోనే కలరు. కొండపల్లి బొమ్మల కళాకారులు తరతరములుగా కొయ్యను, జిగురును, సున్నమును, రంగును ఒకటిగా కలుపుచున్నారు. అంబారీ ఏనుగు, దశావతారములు, తాటిచెట్టు ఎక్కు గీతకార్మికుడు మొదలగు బొమ్మలు పెక్కు ఇండ్లలో సంక్రాంతి కొలువులందు ఏటేట వెలయుచున్నవి.

వారు వాడు కొయ్య తెల్లపొణికి. దీని శాస్త్రనామము జైరోకార్పస్ అమెరికానస్. 'గిరగిర తిరుగు కాయ' అని ఆ పేరులోని మొదటి మాటకు అర్థము. దీని కాయకు రెండు రెక్కలుండును. చెట్టునుండి రాలునప్పుడు అది తిరుగుచు దిగును. ఈ కొయ్య మిక్కిలి తేలికైనది, మెత్తనిది. ఉలికి సులభముగా లొంగును. కళాకారులు ముందుగా దీనిని సన్నని సెగపై కాచి తేమను పోగొట్టుదురు. బొమ్మ అంతయు ఒకే దుంగలో చెక్కరు. చేతులు, కాళ్లు, తొండము మొదలగు భాగములను విడివిడిగా చెక్కి అతికించుదురు.

ఈ విడివిడిగా చెక్కుటలోనే గొప్ప సూత్రము దాగియున్నది. సన్నని భాగము దేనికైనను నార దాని పొడవు వెంబడి సాగినచో బలముండును. అడ్డముగా సాగినచో చిటుక్కున విరుగును. మన తెలుగు అక్షరములన్నియు వంపులే. 'అ' వంటి గుండ్రని అక్షరమును ఒకే పలకలో కోసినచో, నార ఎటు సాగినను, వలయములో రెండుచోట్ల అది అడ్డపడి తీరును. పిల్లల 'అ' నేలపై బడినప్పుడు విరిగినది సరిగా అచ్చటనే.

అతుకునకు కొండపల్లి వారు వాడునది మక్కు. చింతగింజల పొడిని ఉడికించిన జిగురులో రంపపు పొట్టును కలిపిన ముద్ద ఇది. చింతగింజలోని జిగట పదార్థమును జైలోగ్లూకాను అందురు. మొక్కల లేత కణముల గోడలలో సెల్యులోజు పోగులను పెనవేసి యుంచునది కూడ ఈ జాతి పదార్థమే. చెట్టు తన పోగులను దేనితో కలుపుకొనుచున్నదో, కళాకారుడును కొయ్యను అటువంటి దానితోనే అతుకుచున్నాడన్నమాట! ఇక రంపపు పొట్టు చేయు పని, సున్నపు అడుసులో ఇసుక చేయు పనివంటిది: సందులను పూడ్చును, ఆరునప్పుడు జిగురు పగుళ్లిచ్చుటను తగ్గించును.

ఫలకము మరల చేయు విధము

ఈ సూత్రములను అనుసరించి ఫలకమును పిల్లలచేత మరల చేయించితిమి. అడుగున 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్డు 30 సెంటీమీటర్ల చదరము తీసికొంటిమి. ప్లైవుడ్డులో పొరల నార ఒకదానికొకటి అడ్డముగా నుండును. ఒక పొర ఉబ్బగోరిన దిక్కున దాని ప్రక్కపొర కదలదు. కావున పలక మొత్తముమీద బహుస్వల్పముగా కదలును.

అక్షరమును 20 సెంటీమీటర్ల ఎత్తున కాగితముపై గీసి, వంపును ఆరు చిన్న భాగములు చేసితిమి. ఒక్కొక్క భాగమును నార దాని పొడవు వెంబడి సాగునట్లు కోసి, చివరలను వెదురుపుల్లలతో కలిపి, సందులలో మక్కు నింపితిమి. ఇందు మరియొక లాభము కలదు. తెల్లపొణికి లభ్యత తగ్గుట నేడు కొండపల్లి కళాకారులకు పెద్ద సమస్య. ఈ పద్ధతిలో పెద్ద పలకతో పనిలేదు. పనికిరావని పారవేయు తునకలే చాలును. మక్కు పూర్తిగా ఆరిన పిదప గరుకు కాగితముతో నునుపుచేసి పలుచని సున్నపు పూతలు వేసితిమి. సున్నము గాలిలోని బొగ్గుపులుసు వాయువుతో కలిసి క్రమముగా కాల్షియం కార్బొనేటుగా, అనగా సుద్దవంటి గట్టి తెల్లని పదార్థముగా, మారును. తొందరపడి మందముగా పూసినచో పగుళ్లు వచ్చును.

గుడ్డ విషయములోను జాగ్రత్త వలయును. కలంకారీలో గుడ్డను కరక్కాయ, పాలు కలిపిన నీటిలో ముంచుదురు. తుప్పుపట్టిన ఇనుము, బెల్లము కలిపి ఊరవేసిన నీరు కరక్కాయలోని టానినుతో కలిసి నలుపగును. పటిక పట్టించినచోట అలిజరిను ఎరుపునిచ్చును; పూర్వము ఈ ఎరుపు చిరివేరు వంటి వేళ్లనుండి వచ్చెడిది. 1868లో గ్రేబె, లీబర్మను అను జర్మను శాస్త్రజ్ఞులు అలిజరినును ప్రయోగశాలలో తయారుచేసిరి. తడిసున్నము తీవ్రమైన క్షారము. అది తగిలినచో ఈ రంగుల ఛాయ మారవచ్చును. కావున అక్షరముపై పూత బాగుగా ఆరిన తరువాతనే గుడ్డపై నుంచవలెను. గుడ్డను ముందుగా ఉతికి, ఆరవేసి, పలుచని చింతగింజ జిగురుతో అతికించవలెను. ఆరునప్పుడు గుడ్డ పలకను తనవైపు లాగును. పలక వంగకుండుటకు వెనుకవైపు కూడ ఒక గుడ్డనో, దళసరి కాగితమునో అతికించవలెను.

చివరకు అక్షరమును పలకకు జిగురుతో అతికించలేదు. పలక వెనుకనుండి రెండు మరమేకులు బిగించితిమి. పైదానికి గుండ్రని రంధ్రము. క్రిందిదానికి నిలువుగా సాగిన రంధ్రము. తేమకు అక్షరము పెరిగినను తగ్గినను క్రిందిమేకు ఆ సందులో జరుగును. ఇత్తడి రేకుకును అదే ఏర్పాటు. అక్షరము తేలికైనది గనుక ఈ పట్టు చాలును.

రంగుల విషయమున ఒక హెచ్చరిక. పూర్వము పెక్కు పసుపు, ఎరుపు ఎనామిలు రంగులలో సీసపు లవణములుండెడివి. సీసము పిల్లల మెదడునకు హాని చేయును. మన దేశములో 2016లో చేసిన నియమముల ప్రకారము, 2017 నవంబరు 1 నుండి గృహములలోను అలంకరణకును వాడు రంగులలో సీసము పదిలక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదు. ఇంటి మూలనున్న పాత డబ్బాలను పిల్లల పనికి వాడరాదు. పాత రంగును గరుకు కాగితముతో రుద్దరాదు.

చింతగింజ జిగురునకు ఒక లోపము కలదు. తడిసిన మెత్తబడును, బూజునకు ఆహారమగును. కావున ఫలకమును గోడకు ఆనించక, వెనుక రెండు చిన్న కొయ్యముక్కలు పెట్టి గాలి ఆడనీయవలెను; వాన జల్లు తగులని చోట వ్రేలాడదీయవలెను.

కొత్త ఫలకము ఒక వానకాలము గడచియున్నది. క్రిందిమేకు సందులో జరిగిన గుర్తును పిల్లలు పెన్సిలుతో గీసి ఉంచిరి. జిగురును నిందించిన బాలికయే ఇప్పుడు స్కేలు పట్టుకొని వేసవిలో ఒకసారి, వానలలో ఒకసారి ఆ జరుగుబాటును కొలుచుచున్నది. వేర్వేరు పదార్థములను కలిపి వస్తువు చేయువారు గట్టిగా పట్టుటతోపాటు, ఏది ఎంత కదలునో తెలిసి దానికి చోటు విడుచుట కూడ నేర్చుకొనవలెను. ఆ పిల్లల గుమ్మముపై వ్రేలాడు 'అ' ఈ పాఠమును ఏటేట చెప్పుచుండును.