నీళ్లు తాగరు... నోరు విప్పరు!

జ్వరమొస్తే నలుగురికీ చెబుతారు. కాలు బెణికితే వీధంతా తెలుస్తుంది. నాలుగు రోజులుగా విరేచనం కాలేదన్న మాట మాత్రం ఇంట్లోవాళ్లకు కూడా చెప్పుకోరు. మందుల షాపుకెళ్లి, పక్కన ఎవరూ లేకుండా చూసి, గొంతు తగ్గించి ఓ మాత్ర అడుగుతారు. ఆ పూటకు గడుస్తుంది. వారం తిరిగేసరికి మళ్లీ అదే షాపు, అదే మాత్ర.

మలబద్ధకం చాలామందికి అలవాట్ల వల్ల వస్తుంది. అలవాట్లు మార్చుకుంటేనే పోతుంది.

రోజూ కాకపోతే జబ్బేనా?

కానక్కర్లేదు. రోజుకు మూడుసార్లు మొదలు వారానికి మూడుసార్ల వరకు ఎలా వెళ్లినా మామూలే. అంతకన్నా తక్కువైనా, ముక్కాల్సి వస్తున్నా, మేక పెంటికల్లా గట్టిగా వస్తున్నా, వెళ్లొచ్చాక ఇంకా మిగిలినట్టే ఉంటున్నా మలబద్ధకం కిందే లెక్క.

మిగిలిన ఆహారంలోని నీటిని పీల్చుకోవడం పెద్దపేగు పని. మలం అక్కడ ఎంతకాలం ఆగితే అంత ఎండి గట్టిపడుతుంది. వెళ్లాలనిపించినప్పుడు ఆపుకొంటే కాసేపటికి ఆ తొందర తగ్గిపోతుంది. ఏళ్ల తరబడి అలాగే ఆపుకొంటే ఆ సూచన తెలియడమే తగ్గిపోతుంది.

ఆపుకొనేది ఎవరు?

అనంతపురం జిల్లాలో వేరుశనగ చేలో కలుపు తీసే ఆడకూలీలకు చాటుకు వెళ్లే చోటుండదు. బజారులో బుట్ట ముందు కూర్చున్న పూలమ్మికి లేచి వెళ్లే వీలుండదు. బస్సు డ్రైవరుకు తీరిక ఉండదు. బడిలో మరుగుదొడ్డికి తలుపు సరిగా లేకపోయినా, నీళ్లు రాకపోయినా ఆడపిల్లలు అటు వెళ్లరు. వీళ్లంతా ఎంచుకునే దారి ఒక్కటే: నీళ్లు తాగడం మానేస్తారు. ఎండలో చెమటగా పోయేది పోగా పేగుకు తడి మిగలదు.

2014లో స్వచ్ఛభారత్ మొదలయ్యాక ఊళ్లలో చాలా ఇళ్లకు మరుగుదొడ్లు వచ్చాయి. ఇంటి దగ్గర ఉండి పనిచేసే చోట లేకపోతే పగలంతా ఇబ్బందే.

సంకటి తగ్గింది, పీచూ తగ్గింది

1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చాక పేదింటికి వరి అన్నం దగ్గరైంది. ఆకలి తీర్చిన పథకమది. అయితే కాలక్రమంలో రాగి, జొన్న, కొర్ర కంచంలోంచి ఒక్కొక్కటిగా తప్పుకున్నాయి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన పట్టికల ప్రకారం 100 గ్రాముల పాలిష్ బియ్యంలో పీచు 3 గ్రాములు కూడా లేదు. రాగుల్లో 11 గ్రాములు, జొన్నల్లో 10 గ్రాములు ఉంది. పదేళ్లు దాటిన ప్రతివారికీ రోజుకు కనీసం 25 గ్రాముల పీచు అందాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది.

ఒక పూట అన్నం, ఒక పూట సంకటి గానీ జొన్నరొట్టె గానీ పెట్టుకుంటే సగం పని అయినట్టే. పప్పులో ఆకుకూర, వారంలో రెండుమూడుసార్లు గోరుచిక్కుడు, సాయంత్రం శనగ గుగ్గిళ్లు, గింజలతో సహా జామపండు చాలు. ఒక్కసారిగా పెంచితే కడుపు ఉబ్బరిస్తుంది. రెండు వారాల్లో మెల్లగా పెంచాలి. రోజుకు రెండు, రెండున్నర లీటర్ల నీళ్లు, ఎండలో పనిచేస్తే ఇంకా ఎక్కువ తాగాలి. గుండె, మూత్రపిండాల జబ్బున్నవారు డాక్టరు చెప్పిన మేరకే తాగాలి.

పొద్దున్నే పది నిమిషాలు

నిద్ర లేచాక, ఏదైనా తిన్నాక పేగుల కదలిక ఎక్కువవుతుంది. ఆ సమయం చూసుకుని రోజూ ఒకే వేళకు వెళ్లాలి. పది నిమిషాలు చాలు. సెల్‌ఫోను బయటే పెట్టాలి. కుర్చీలాంటి దొడ్డి అయితే పాదాల కింద చిన్న పీట వేసుకుంటే సులువవుతుంది. రోజూ అరగంట నడక పేగుకూ మేలే.

ఇసబ్‌గోల్ వాడితే గ్లాసు నిండా నీళ్లు తాగి తీరాలి. సునాముఖి పొడులు, విరేచనం మాత్రలు డాక్టరును అడగకుండా రోజూ వాడకూడదు. పసిపిల్లలకు ఆముదం పట్టే పాత అలవాటు మానాలి. గర్భిణులకు ఐరన్ మాత్రలతో మలబద్ధకం రావచ్చు. అంతమాత్రాన మాత్రలు మానేయకుండా డాక్టరుకు చెప్పాలి.

ఆగకూడని వేళ

మలంలో రక్తం పడినా, కారణం లేకుండా బరువు తగ్గినా, 50 ఏళ్లు దాటాక కొత్తగా ఈ బాధ మొదలైనా మొలలేలే అని సరిపెట్టుకోరాదు. పెద్దపేగు కేన్సరు కూడా ఇలాగే బయటపడవచ్చు. కడుపు ఉబ్బి, వాంతులై, గాలి కూడా పోకపోతే అదే పూట ఆసుపత్రికి వెళ్లాలి.

బడికెళ్లిన పిల్ల నీళ్ల సీసా సాయంత్రం నిండుగానే తిరిగొస్తోందా? తిట్టకుండా, ఎందుకు తాగలేదో అడగండి. జవాబు మరుగుదొడ్డి దగ్గర తేలితే మర్నాడే హెడ్మాస్టరును కలవండి. కూలీలను పిలిచే రైతు కూడా ఆడవాళ్లకు ఒక మూల నాలుగు తడికలు కట్టిస్తే వాళ్లు కడుపారా నీళ్లు తాగుతారు.