మత్తు డాక్టరుకు ఆ మాత్ర చూపించండి

మతిమరుపు జబ్బు గల పెద్దలకు డాక్టర్లు తరచుగా డోనెపెజిల్ మాత్ర వ్రాస్తారు. మెదడులో ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనము త్వరగా విరిగిపోకుండా ఇది ఆపుతుంది. అయితే కండరములకు కదలమని నరములు పంపే కబురును మోసేదీ ఆ రసాయనమే. చిక్కంతా ఇక్కడే.

తుంటి విరిగిన పెద్దాయనకు పూర్తి మత్తు ఇవ్వవలసి వచ్చిందనుకోండి. గొంతులో గొట్టము వేయుటకు కండరములు సడలే ఇంజక్షను చేస్తారు. అది సక్సినైల్‌కోలిన్ అయితే మామూలుగా 10 నిమిషాలలో తగ్గిపోతుంది. ఈ మాత్ర వాడేవారిలో ఎక్కువసేపు నిలిచిపోవచ్చు. అంతవరకు యంత్రమే ఊపిరి ఇవ్వాలి. అట్రాక్యూరియం వంటి మందులతో దీనికి తిరకాసు: మామూలు మోతాదు చాలకపోవచ్చు. ముందే తెలిస్తే డాక్టరు మందు మార్చుకోగలరు, వీలైతే నడుముకే మత్తు ఇవ్వగలరు.

చెప్పేదెవరు? రోగికి గుర్తుండదు గదా! మేమెరిగిన ఇండ్లలో బి.పి., షుగరు మాత్రల సంగతి చెప్పి ఊరుకుంటారు. మతిమరుపు మాత్ర వారి లెక్కలో బలము మాత్ర.

"నిన్న వేయలేదులెండి" అనుకోవద్దు. ఒంట్లో దాని మోతాదు సగానికి తగ్గుటకే సుమారు 70 గంటలు పడుతుంది. అలాగని మీ అంతట మీరు మానిపించకండి; మానాలో వద్దో డాక్టరే చెప్పాలి. ఖాళీ అట్ట అయినా సరే, మందుల చీటీతో కలిపి మత్తు డాక్టరు చేతిలోనే పెట్టండి.