పిల్లలతో తొలి ఓడ విహారం: టికెట్ కొనే ముందు తెలియవలసినవి

విశాఖపట్నం ఓడరేవులో 2023 సెప్టెంబరు 4న అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైంది. సుమారు 96 కోట్ల రూపాయలతో నిర్మించిన ఆ టెర్మినల్‌కు రెండు వేల మంది ప్రయాణికులతో వచ్చే నౌకకు సేవలందించే సామర్థ్యం ఉంది. ఆ తరువాత ఏడాదికి, 2024 సెప్టెంబరు 30న, కేంద్ర ఓడరేవులు, నౌకాయాన, జలమార్గాల మంత్రిత్వ శాఖ ముంబయిలో ‘క్రూయిజ్ భారత్ మిషన్’కు శ్రీకారం చుట్టింది. 2029 నాటికి దేశంలో విహార నౌకల ప్రయాణికుల సంఖ్యను రెట్టింపు చేయడం దాని లక్ష్యం. ముంబయి నుంచి గోవా, కొచ్చి, లక్షద్వీప్‌లకు, చెన్నై నుంచి శ్రీలంకకు, సింగపూర్ నుంచి పెనాంగ్, ఫుకెట్‌లకు సాగే ఓడ విహారాలు ఇప్పుడు మధ్యతరగతి కుటుంబాల వేసవి సెలవుల ఆలోచనల్లోకి వచ్చేశాయి.

తెలుగువారికి సముద్రయానం కొత్తేమీ కాదు. కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం రేవుల నుంచి ఓడ డెక్ మీద చోటు సంపాదించుకుని రంగూన్‌కు, అంటే నాటివారి మాటలో ‘రంగం’ వెళ్లిన కూలీల కథలు ఉత్తరాంధ్ర ఇళ్లలో ఇప్పటికీ వినిపిస్తాయి. అది బతుకుతెరువు కోసం చేసిన ప్రయాణం. పిల్లాపాపలతో వినోదం కోసం ఓడ ఎక్కడం మాత్రం ఈ తరానికే కొత్త. అందుకే తొలిసారి వెళ్లిన కుటుంబాలు చేసే పొరపాట్లు ఇంచుమించు ఒకే తీరుగా ఉంటాయి.

మొదటి పొరపాటు ధర దగ్గరే జరుగుతుంది. ప్రకటనలో కనిపించే మొత్తం సాధారణంగా ఇద్దరు పంచుకునే గదిలో ఒక్కరికయ్యే ఛార్జీ. దానిలో గది, ప్రధాన భోజనశాలల్లో తిండి, ఈతకొలను, సాయంకాలపు ప్రదర్శనలు, పిల్లల క్లబ్ చేరి ఉంటాయి. రేవు రుసుము, పన్నులు, సిబ్బందికిచ్చే సేవా రుసుము, శీతల పానీయాలు, ప్రత్యేక రెస్టారెంట్లు, ఇంటర్నెట్, తీరంలో దిగి చూసే యాత్రలు చాలా సందర్భాల్లో దానికి అదనం. అదే గదిలో మూడో, నాలుగో వ్యక్తిగా పడుకునే పిల్లలకు ఛార్జీ తక్కువే గాని, రేవు రుసుము మాత్రం వారికీ పడుతుంది. ఓడలో నగదు చెల్లదు. గది తాళంగా పనిచేసే కార్డే పర్సు కూడా. పిల్లల కార్డు తల్లిదండ్రుల ఖాతాకు కలిసి ఉంటుంది కాబట్టి, వీడియో గేముల గదిలో వారు గడిపే ప్రతి అరగంటా చివరి రోజు బిల్లులో ప్రత్యక్షమవుతుంది. ఎక్కిన వెంటనే రిసెప్షన్‌కు వెళ్లి పిల్లల కార్డుపై కొనుగోళ్లను నిలిపివేయమని కోరడం ఐదు నిమిషాల పని.

పత్రాల విషయంలో దేశీయ యాత్ర సులువు. పెద్దలకు ప్రభుత్వ గుర్తింపు కార్డు, పిల్లలకు ఆధార్ లేదా జనన ధ్రువీకరణ పత్రం ఉంటే సాధారణంగా సరిపోతుంది. లక్షద్వీప్‌లో అడుగుపెట్టడానికి మాత్రం భారతీయులకు కూడా ప్రవేశ అనుమతి తప్పనిసరి. దానిని నౌకా సంస్థ తీసుకుంటుందా, ప్రయాణికులే తెచ్చుకోవాలా అన్నది ముందే అడిగి తెలుసుకోవాలి. విదేశీ యాత్రలో చిక్కు వేరు. పెద్దల పాస్‌పోర్టు పదేళ్లు చెల్లుతుంది. పదిహేనేళ్ల లోపు పిల్లలదానికి ఐదేళ్లే గడువు. కుటుంబమంతా ఒకే రోజున పాస్‌పోర్టులు తీసుకున్నారు గనుక అన్నీ చెల్లుతాయని నమ్మి, రేవు దాకా వచ్చాక పిల్లవాడి గడువు తీరిపోయిందని తెలిస్తే చేయగలిగేది ఏమీ ఉండదు. గడువు కనీసం ఆరు నెలలు మిగిలి ఉండాలన్న నిబంధన దీనికి తోడు. సింగపూర్‌లో ఓడ ఎక్కి, పెనాంగ్ చూసి, మళ్లీ సింగపూర్‌లో దిగడమంటే ఆ దేశంలో రెండోసారి ప్రవేశించడమే. వీసా ఒకసారి ప్రవేశానికే పరిమితమైనదో కాదో చూసుకోవాలి.

చాలా చిన్న పిల్లలకు, నెలలు నిండుతున్న తల్లులకు ఓడలో ప్రవేశం లేదు. ఆరు నెలల లోపు శిశువులను అధిక శాతం సంస్థలు అనుమతించవు. మహాసముద్రాలు దాటే సుదీర్ఘ యాత్రలకైతే ఏడాది నిండాలి. ఇరవై నాలుగు వారాలు దాటిన గర్భిణులను కూడా ఎక్కించుకోరు. ఈ నిబంధనలు కఠినంగా తోచవచ్చు. కానీ ఓడలో ఉండేది ఒక చిన్న వైద్యశాల మాత్రమే. పిల్లల వైద్య నిపుణుడు ఉండడు. పరిస్థితి విషమిస్తే తీరానికి చేర్చడానికి గంటలు పడుతుంది, ఒక్కోసారి హెలికాప్టర్ రావలసి ఉంటుంది. ఓడలో వైద్యం ఉచితం కాదు. ఇంట్లో ఉన్న ఆరోగ్య బీమా సముద్రంలో వర్తిస్తుందనుకోవడం కూడా సరికాదు. అత్యవసర తరలింపు ఖర్చును భరించే ప్రయాణ బీమాను విడిగా తీసుకోవడం మంచిది.

ఎప్పుడు వెళ్లాలన్నది ఎక్కడికి వెళ్లాలన్నంత ముఖ్యం. జూన్ నుంచి సెప్టెంబరు వరకు నైరుతి రుతుపవనాల వల్ల అరేబియా సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది. ముంబయి కేంద్రంగా నడిచే ఓడ ఆ కాలంలో తూర్పు తీరానికి మారడం ఇందుకే. బంగాళాఖాతానికి రెండు తుపాను కాలాలు: రుతుపవనాలకు ముందు ఏప్రిల్ నుంచి జూన్ దాకా, తిరిగి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. మన వేసవి సెలవులు, దసరా సెలవులు సరిగ్గా ఈ కాలాలతో ముడిపడి ఉండటం తల్లిదండ్రులకు ఇబ్బందే. ఆ రోజుల్లో వెళ్లకూడదని కాదు. ఓడ దారి మార్చుకోవచ్చని, ఒక మజిలీ రద్దు కావచ్చని ముందే సిద్ధపడి వెళ్లాలి.

మజిలీ తప్పడానికి వాతావరణం ఒక్కటే కారణం కానక్కరలేదు. 2022 జూన్‌లో విశాఖపట్నం నుంచి కార్డీలియా సంస్థ ‘ఎంప్రెస్’ నౌక తొలిసారి బయలుదేరినప్పుడు పుదుచ్చేరిలో ప్రయాణికులను దింపడానికి అక్కడి ప్రభుత్వ అనుమతి లభించలేదు. ఓడలో క్యాసినో ఉండటంపై వచ్చిన అభ్యంతరాలు దీనికి నేపథ్యం. టికెట్ షరతుల్లో మజిలీలను మార్చే హక్కు సంస్థకే ఉంటుంది. చిన్న అక్షరాల్లో ఉన్నా చదవవలసిన వాక్యమది. పిల్లలకు ఊరి పేరు చెప్పి ఆశ పెట్టడం కన్నా ఓడనే యాత్రగా పరిచయం చేసిన పెద్దలకు ఇలాంటి వేళ ఏడుపులు ఓదార్చే పని తగ్గుతుంది.

సముద్రపు వికారం గురించి కొంత వివరంగా చెప్పుకోవాలి. లోపలి చెవి కదలికను గుర్తిస్తుంది, కళ్లెదుట గది గోడలు మాత్రం కదలవు. ఈ రెండు సంకేతాల వైరుధ్యమే తల తిరగడానికి, వాంతులకు మూలం. రెండేళ్ల లోపు పిల్లల్లో ఇది అరుదు. రెండు నుంచి పన్నెండేళ్ల మధ్య వారిలో ఎక్కువ. బస్సులో ఘాట్ రోడ్డు ఎక్కినప్పుడు వాంతి చేసుకునే పిల్లలకు ఓడలోనూ ఆ అవకాశం ఉందని భావించాలి. ఊయల కొన దగ్గర ఊపు ఎక్కువ, మధ్యలో తక్కువ. ఓడా అంతే. మధ్య భాగంలో, కింది అంతస్తుల్లో ఉన్న గదులు తక్కువగా ఊగుతాయి. పై అంతస్తులో ముందు కొసన ఉన్న గదికి ఎక్కువ డబ్బు చెల్లించి, రాత్రంతా పిల్లల వీపు నిమురుతూ కూర్చున్నవారు తక్కువేమీ కాదు. వికారం మొదలైతే పిల్లవాడి చేతిలో ఫోను తీసేయాలి. ఆరుబయటకు తీసుకువెళ్లి దూరాన సముద్రం, ఆకాశం కలిసే గీతను చూడమనాలి. అల్లం మొరబ్బా కొందరికి ఉపశమనం ఇవ్వవచ్చు. మందుల విషయంలో ఒక హెచ్చరిక అవసరం. మన దుకాణాల్లో ప్రయాణ వాంతులకు తరచూ ఇచ్చే ప్రొమెథాజీన్ రెండేళ్ల లోపు పిల్లలకు ఇవ్వకూడదు. అది వారి శ్వాసను ప్రమాదకరంగా మందగింపజేయగలదు. అంతకు పైబడిన వారికైనా మోతాదును బయలుదేరే ముందు పిల్లల వైద్యుడినే అడగాలి.

ఓడ ఎక్కే రోజు గురించి. పెద్ద సామాను రేవులోనే చీటీలు కట్టి తీసుకుంటారు. అది గది ముందుకు చేరేసరికి సాయంత్రం కావచ్చు. ఆలోగా పిల్లలు ఈతకొలను చూస్తారు, మందులు వేయవలసిన వేళ అవుతుంది, డైపర్లు కావలసి వస్తాయి. ఇవన్నీ చేతిసంచిలోనే ఉండాలి. ఇస్త్రీపెట్టె, నీళ్లు కాచే కెటిల్, రైస్ కుక్కర్ వంటివి అగ్నిప్రమాద భయంతో తనిఖీలో తీసి పక్కన పెడతారు. ఇంటి వంటకాలను సైతం అనేక సంస్థలు అనుమతించవు కాబట్టి ఆవకాయ జాడీతో బయలుదేరే ముందు నిబంధనలు చూడటం మేలు. మన తీరాల నుంచి నడిచే ఓడల్లో శాకాహార, జైన భోజనం దొరుకుతుంది. పిల్లవాడికి కావలసిన పెరుగన్నం బఫేలో కనిపించకపోయినా, అన్నం, పెరుగు అడిగితే ఇస్తారు. అడగడానికి మొహమాటపడకూడదు, అంతే.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది బయలుదేరే ముందు జరిగే అత్యవసర అభ్యాసం. 2012 జనవరి 13 రాత్రి ఇటలీ తీరాన గిగ్లియో ద్వీపం దగ్గర ‘కోస్టా కాంకార్డియా’ నౌక రాళ్లను ఢీకొని ఒరిగిపోయింది. 32 మంది మరణించారు. అదే రోజు ఓడ ఎక్కిన వందలాది ప్రయాణికులకు అప్పటికి ఎలాంటి శిక్షణా జరగలేదు. 24 గంటలలోగా నిర్వహిస్తే చాలునన్నది నాటి నిబంధన. టైటానిక్ విషాదం తరువాత 1914లో రూపుదిద్దుకున్న ‘సోలాస్’ అంతర్జాతీయ ఒప్పందాన్ని దీంతో సవరించారు. 2015 జనవరి 1 నుంచి ఓడ కదలడానికి ముందే, లేదా కదిలిన వెంటనే, ఈ అభ్యాసం పూర్తి కావాలి. ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత వినిపిస్తే ప్రతి ఒక్కరూ తమకు కేటాయించిన చోటికి చేరాలి. ఆ చోటి గుర్తు కార్డుపై అచ్చై ఉంటుంది. పిల్లలకు అదే గుర్తుతో చేతిపట్టీ ఇచ్చే ఓడలు చాలా ఉన్నాయి. దానిని స్నానం వేళ కూడా విప్పకూడదు.

తొలిసారి వెళ్లేవారు ఈ అభ్యాసాన్ని ఫొటోలకు అడ్డొచ్చే తంతుగా చూస్తారు. అది తప్పు. గది నుంచి ఆ చోటికి లిఫ్టు లేకుండా, మెట్ల మీదుగా, పిల్లల చేయి పట్టుకుని ఒకసారి నడిచి చూడాలి. గదిలో పెద్దల లైఫ్ జాకెట్లే ఉంటే పిల్లల కొలతవి, శిశువులకు ప్రత్యేకమైనవి అడిగి తెప్పించుకోవాలి. ప్రతి బిడ్డకూ సరిపడే జాకెట్ ఓడలో ఉండి తీరాలన్నది సోలాస్ నిబంధనే. ప్రమాదం జరిగినప్పుడు బిడ్డ పిల్లల క్లబ్‌లో ఉంటే తల్లిదండ్రులు అక్కడికి పరుగెత్తాలా, సిబ్బందే వారిని కేటాయించిన చోటికి తీసుకువస్తారా అన్న ప్రశ్నకు ఓడకో సమాధానం ఉంటుంది. తొలిరోజే అడగవలసిన మొదటి ప్రశ్న అది.

రోజువారీ ప్రమాదాలు ఇంతకంటే మామూలుగా ఉంటాయి. చాలా ఓడల్లో ఈతకొలనుల దగ్గర కాపలా ఈతగాళ్లు ఉండరు. సముద్రం ఊగితే కొలనులో నీరూ ఊగుతుంది. ఈత వచ్చిన పిల్లవాడినైనా చేతికందే దూరంలోనే ఉంచుకోవాలి. డైపర్లు వేసుకునే వయసు వారికి కొలనులోకి అనుమతి ఉండదు. పిల్లల క్లబ్‌లో కూడా సాధారణంగా మూడేళ్లు నిండినవారినే చేర్చుకుంటారు. బాల్కనీ గది తీసుకుంటే కుర్చీ, బల్ల రెయిలింగ్‌కు దూరంగా ఉంచాలి. పిల్లలు రెయిలింగ్‌ను ఎక్కలేకపోవచ్చు, కుర్చీని మాత్రం ఎక్కగలరు. 2019 జూలైలో ప్యూర్టోరికోలోని శాన్ హువాన్ రేవులో ఆగి ఉన్న ఓడ పదకొండో అంతస్తు కిటికీ నుంచి ఏడాదిన్నర పాప జారిపడి మరణించింది. ఓడ కదలకుండా రేవులో నిలిచి ఉన్నప్పుడే అది జరిగిందని గమనించాలి. గది తలుపులు మంటలను ఆపేలా బరువుగా చేసినవి. గాలి వీస్తే ఒక్కసారిగా మూసుకుని చిన్న వేళ్లను నలిపేస్తాయి.

వేలమంది ఒకే చోట తిని తిరిగే ఓడలో వాంతులు, విరేచనాలు కలిగించే నోరోవైరస్ వేగంగా వ్యాపిస్తుంది. భోజనశాల గుమ్మంలో ఉంచే ఆల్కహాల్ ద్రవం దానిపై అంతగా పనిచేయదు. సబ్బుతో, పారే నీటితో చేతులు కడగడమే సరైన మార్గం. ఓ.ఆర్.ఎస్. పొట్లాలు ఇంటి నుంచే తీసుకెళ్తే ఓడ దుకాణంలో వెతుక్కునే పని ఉండదు.

తీరం కనుమరుగైన కాసేపటికే ఫోన్ సిగ్నల్ పోతుంది. ఆ తరువాత ఫోన్ ఓడలోని ఉపగ్రహ నెట్‌వర్క్‌కు తనంత తానే కలిస్తే బిల్లు వేలల్లోకి వెళ్లవచ్చు. ఎక్కగానే ఫ్లైట్ మోడ్‌లో పెట్టుకోవాలి. ఫోన్లు పనిచేయవు గనుక కాస్త పెద్ద పిల్లలతో ‘తప్పిపోతే ఇక్కడికి రా’ అని ఒక చోటు నిర్ణయించుకోవడం అవసరం. గడియారం సంగతీ ఇలాంటిదే. సింగపూర్, మలేషియాల కన్నా థాయ్‌లాండ్ సమయం గంట వెనుక. ఫుకెట్‌లో దిగగానే ఫోన్ స్థానిక సమయానికి మారిపోతుంది, ఓడ మాత్రం తన సమయాన్ని మార్చుకోకపోవచ్చు. ఫోన్ చూసుకుని ఇంకా గంట ఉందనుకున్న కుటుంబం రేవుకు వచ్చేసరికి ఓడ వెళ్లిపోయి ఉండవచ్చు. ఆలస్యమైన వారి కోసం ఓడ ఆగదు. పిల్లలకు ఓడ సమయానికి పెట్టిన మామూలు చేతిగడియారం కట్టడం వృథా ఖర్చు కాదు.

లక్షద్వీప్‌లో పెద్ద ఓడ పగడపు దిబ్బలు దాటి లోపలికి రాలేదు. వెలుపలే ఆగుతుంది, ప్రయాణికులు చిన్న పడవల్లోకి మారాలి. అలలు ఎక్కువైతే ఈ మార్పిడిని నిలిపివేస్తారు. బిడ్డను ఎత్తుకున్నవారు రెండు చేతులూ ఖాళీగా ఉండేలా సంచిని వీపుకు తగిలించుకుని, బిడ్డను ముందుగా పడవ సిబ్బందికి అందించి, ఆ తరువాతే దిగాలి.

చివరి రాత్రి పెద్ద సామానును గది బయట పెట్టమంటారు. అర్ధరాత్రి లోపు సిబ్బంది తీసుకెళ్లి, మర్నాడు టెర్మినల్‌లో అప్పగిస్తారు. ఆ హడావిడిలో పిల్లల మర్నాటి బట్టలు, చెప్పులు, పాస్‌పోర్టులతో సహా సర్వం సర్దేసి, తెల్లారి రాత్రి దుస్తుల్లోనే దిగిన కుటుంబాలు ఉన్నాయి. ఒక జత బట్టలు, పత్రాలు, మందులు విడిగా ఉంచుకోవాలి. ఇంటికి చేరాక ఒకటి రెండు రోజులు నేల ఊగుతున్నట్లు పిల్లలు చెబితే కంగారు పడనక్కరలేదు. మెదడు ఇంకా ఓడ కదలికకే అలవాటుపడి ఉంటుంది. అది వారం దాటినా తగ్గకపోతే వైద్యుడికి చూపించాలి.