సంతకం పెట్టనివాళ్ల సంగతేంటి?

2012 జనవరిలో ఫేస్‌బుక్ ఒక వారంపాటు 6,89,003 మంది న్యూస్‌ఫీడ్‌ను వాళ్లకు చెప్పకుండా మార్చి చూసింది. కొందరికి మిత్రుల సంతోషపు పోస్టులు తగ్గించింది, మరికొందరికి బాధతో రాసినవి తగ్గించింది. దానివల్ల వాళ్లు రాసే మాటల్లో తేడా వస్తుందా అని లెక్కకట్టింది. వచ్చింది గానీ బహు స్వల్పం. 2014 జూన్‌లో ఫలితాలు అమెరికా జాతీయ సైన్సు అకాడమీ పత్రికలో అచ్చయ్యాక దుమారం రేగింది. ఖాతా తెరిచేటప్పుడు నిబంధనలకు ఒప్పుకున్నారు కాబట్టి అదే సమ్మతి అన్నది ఆ వ్యాసం వాదన. ‘పరిశోధన’ అన్న మాట ఆ నిబంధనల్లోకి ఎక్కింది మాత్రం ప్రయోగం ముగిసిన నాలుగు నెలలకు! సమాచారం సేకరించింది కంపెనీయే కనుక ఇది తమ సమీక్షకు రాదని సహరచయితలున్న కార్నెల్ విశ్వవిద్యాలయం తేల్చేసింది.

రచ్చంతా ఫీడ్ చదివినవాళ్ల గురించే జరిగింది. ఎవరి పోస్టులు మరుగున పడ్డాయో ఆ మిత్రులు చర్చలో దాదాపు కనిపించరు. వాళ్ల సొంత పేజీకి వెళ్తే ఆ రాతలు ఉంటాయి, నిజమే. కానీ కష్టం చెప్పుకున్న మనిషికి ఆ పూట రావలసిన పలకరింపు రాకపోతే, ఆ నష్టం ఏ పట్టికలో రాయాలి? సామాజిక సంబంధాల మీద జరిగే పరిశోధనలన్నింటిలోనూ ఉన్న లోపమిది. సమ్మతి అనే పద్ధతి వైద్యంలోంచి వచ్చింది. 1947 నాటి న్యూరెంబర్గ్ సూత్రాల దృష్టి ప్రయోగానికి గురయ్యే మనిషి మీదే. ఎవరి శరీరమో వాళ్లే ఒప్పుకోవాలి. సంబంధానికి మాత్రం రెండు కొసలుంటాయి. ‘డబ్బు అవసరమైతే ఎవరిని అడుగుతారు, మనసులో మాట ఎవరికి చెబుతారు’ అని సర్వేలో అడిగితే జవాబిచ్చినవాళ్లు సంతకం పెడతారు. వాళ్లు చెప్పిన పేరుగలవాళ్లకు కబురైనా అందదు. ‘నేను ఈ సర్వేలో ఉండను’ అని తలుపేసుకున్న మనిషి కూడా ఇరుగుపొరుగు జవాబుల ద్వారా సంబంధాల పటంలోకి వచ్చేస్తాడు. ఒక యాప్ ద్వారా ఫేస్‌బుక్ వాడకందారుల సమాచారం బయటికి పోయిన కేంబ్రిడ్జ్ ఎనలిటికా వ్యవహారంలో ఆ యాప్‌ను మన దేశంలో పెట్టుకున్నది 335 మంది. వాళ్లూ, వాళ్ల మిత్రులూ కలిపి సమాచారం బయటికి పోయి ఉండగలవారు 5,62,455 మందని ఫేస్‌బుక్కే లెక్క చెప్పింది.

పేర్లు తీసేస్తే సరిపోదా అంటారు. 2008లో ఒక అమెరికన్ కాలేజీకి చెందిన 1,640 మంది విద్యార్థుల ఫేస్‌బుక్ వివరాలను పరిశోధకులు పేర్లు తొలగించి విడుదల చేశారు. అది హార్వర్డ్ అని మైఖేల్ జిమ్మర్ అనే పరిశోధకుడు పట్టేశాడు. అసలు డేటా తెరవనైనా లేదు. దాంతోపాటు ఇచ్చిన వివరణ పత్రం, ప్రకటనలు సరిపోయాయి. కాలేజీ తెలిశాక, ఫలానా దేశం నుంచి ఒక్కరే వచ్చి ఉంటే ఆ ఒక్కరు ఎవరో చెప్పడం ఎంతసేపు? పైగా వివరాలు సేకరించిన సహాయకులు ఆ విద్యాసంస్థవాళ్లే. బయటివాళ్లకు కనబడనివి కొన్ని వాళ్లకు కనబడే వీలుంది. ‘ఎలాగూ బహిరంగమే కదా’ అనే వాదన ఇక్కడే కూలుతుంది.

పేరు వచ్చిన ప్రతివాడి సంతకమూ కావాలంటే పరిశోధనే ఆగిపోతుందన్నది ఇంతకంటే బరువైన అభ్యంతరం. అప్పులు ఎలా పాకుతాయో, రోగం ఎవరినుంచి ఎవరికి చేరుతుందో తెలియకపోతే నష్టపోయేది పేదలే. అందుకే ప్రతి సంతకమూ అక్కర్లేదంటాను. ముప్పు స్వల్పమై, అందరినీ అడగడం సాధ్యం కానప్పుడు సమ్మతి మినహాయించే వీలు అమెరికా నిబంధనల్లోనూ ఉంది. అయితే ఆ మినహాయింపు ఇచ్చేది సమీక్షా సంఘం (ఎథిక్స్ కమిటీ) కావాలి, ఫలితం కోసం ఆత్రపడే పరిశోధకుడో కంపెనీయో కాదు. మన 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం కూడా, ఫలానా వ్యక్తిపై నిర్ణయానికి వాడకుండా, నిర్దేశించిన ప్రమాణాలు పాటిస్తే పరిశోధనకు మినహాయింపు ఇస్తోంది. అంటే పేరు మాత్రమే వచ్చిన మనిషి తరఫున అడగవలసిన భారం ఎథిక్స్ కమిటీలదే. ఊళ్లో అప్పుల పటం గీయడానికి వడ్డీ వ్యాపారి పేరే కావాలా, ‘బయటి అప్పు’ అని రాసుకుంటే చాలదా? పేర్లను సంకేతాలుగా మార్చేది సర్వే జరిగిన రోజేనా, నివేదిక రాశాకనా? వద్దన్న మనిషి ప్రస్తావన పక్కింటి జవాబులో వస్తే కొట్టేస్తారా, ఉంచేస్తారా? వీటికి జవాబు రాతలో లేని దరఖాస్తును వెనక్కి పంపే అధికారం కమిటీకి ఇప్పటికే ఉంది.