నీటిని చీల్చు పక్షి

చిలుక పైముక్కు వంగి క్రిందిదానిని కప్పియుండును. కొంగకు రెండును ఇంచుమించు సమానము. క్రింది ముక్కే పొడవుగా నున్న పక్షి యొకటి శీతకాలమున మన కాకినాడ తీరమునకు వచ్చునని చదువరులలో పెక్కుమందికి తెలియకపోవచ్చును. ఇంగ్లీషున దీనిని ఇండియన్ స్కిమ్మరు అందురు. హిందీలో పన్‌చీరా, అనగా నీటిని చీల్చునది. మాకు ఈ రెండవ పేరే నచ్చినది. పక్షి బ్రతుకుతెరువంతయు అందులోనే యున్నది.

ఇది సుమారు 40 సెంటిమీటర్ల పొడవు గలది. చాచిన ఱెక్కల వెడల్పు మీటరు దాటును. నడినెత్తి, వీపు నలుపు; మెడ, ఉదరము తెలుపు; కాళ్లు ఎఱుపు. నారింజవన్నె ముక్కు కత్తి వాదరవలె పలుచన. పక్షి నోరు తెఱచి, క్రింది ముక్కును మాత్రము నీట ముంచి, ఱెక్కలు తడియకుండ పైకెత్తి యాడించుచు తిన్నగా ఎగురును. ముక్కునకు చేప తగిలినతోడనే పైముక్కు మూసికొనును. చూచి పట్టుట కాదు, తాకి పట్టుట. అందుచేతనే సంజవేళను, రాత్రియు గూడ వేటాడగలదు. అప్పుడే పుట్టిన పిల్లకు రెండు ముక్కులును సమముగానే యుండి, పెరిగినకొలది క్రిందిది సాగును.

గత జనవరిలో మేము పండ్రెండుగురము మా ఉపాధ్యాయులతో కుంభాభిషేకము కడనున్న బురద మేటలకు పోతిమి. వేళ నెంచుకొనుటయందే సగము పని యున్నది. నీరు తీసినప్పుడు మేటలు చాలదూరము బయటపడి పక్షులు చెదరిపోవును. పోటు వచ్చుకొలది నేల తఱిగి అవి యొకచోట చేరును. కావున పోటు నిండుటకు రెండు గంటలు ముందుగా పోయి గట్టుమీద కూర్చుంటిమి. ఉల్లంకి పిట్టల నడుమ నల్లని చారవలె స్కిమ్మర్లు కనబడెను. అన్నియు గాలికి ఎదురుగా ముఖము పెట్టి నిలిచియుండెను. ముగ్గురము వేఱువేఱుగా లెక్కింపగా మూడు లెక్కలు వచ్చినవి!

దగ్గఱకు పోయి లేపినయెడల ఱెక్కల సొగసు చూడవచ్చునని కొందఱు తొందరపడిరి. ఉపాధ్యాయులు ఒప్పుకొనలేదు. పోటువేళ వాటికి నిలుచుటకు మిగిలిన చోటు అంతే. లేపినచో మఱియొక మేట వెదకుచు ఊరక బలము పోగొట్టుకొనును. ప్రొద్దు వాలువఱకు కదలక యుంటిమి. అప్పుడు రెండు పక్షులు తమంతట లేచి, ఎదుటి పాయలో నీటిపై గీత గీచినట్లు పోయి, మరలి అదే గీత వెంట వచ్చినవి.

ఇచటికంటె గూళ్లున్న చోట వాటికి ప్రమాదము మెండు. చంబలు, మహానది మున్నగు నదుల నడుమ ఇసుక దిబ్బలపై వేసవిలో గ్రుడ్లు పెట్టును. గూడనగా ఇసుకలో చిన్న గుంట మాత్రమే. ఎండకు గ్రుడ్లు చెడకుండ పక్షి పొట్ట నీట తడుపుకొని వచ్చి వాటిపై కూర్చుండును. చుట్టును నీరున్నంతవఱకే ఆ దిబ్బకు రక్ష. ఆనకట్టలు కట్టి, నీరు తోడుకొనుటచే నది సన్నగిల్లి దిబ్బ ఒడ్డుతో కలిసినచో కుక్కలు, నక్కలు, పశువులు నడిచి వచ్చును. పైనుండి ఒక్కసారిగా నీరు వదలినచో గూళ్లు మునుగును. 2020లో అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘము ఈ జాతిని మునుపటికంటె ఎక్కువ ప్రమాదముగల తరగతిలోనికి మార్చినది. లోకమున మిగిలిన యెదిగిన పక్షులు మూడువేలకు లోపని యంచనా. మేము చూచిన గుంపు ఆ కొద్దిలోనిదే. వేసవి ముదురకమునుపే అవి మన తీరము విడిచి ఆ దిబ్బలను చేరవలసియున్నది.