శీతకాలంలో కుండీ మార్చవచ్చునా?

మార్గశిరం ప్రవేశించగానే మన ఇళ్ళలో రెండు పనులు ఒక్కసారిగా మొదలవుతాయి. జలుబులు, దగ్గులు పట్టుకొని తులసికీ, వాము ఆకుకూ అవసరం పెరుగుతుంది. ఎండ హాయిగా ఉన్నది గదా అని మేడమీదనో, వసారాలోనో ఉన్న కుండీల మట్టి మార్చే పని కూడ అప్పుడే పెట్టుకుంటారు. ఒకే మొక్కకు ఒకే మాసంలో పైన ఆకు కోసి, క్రింద వేరు కదిపితే అది పుష్యం దాటడం కష్టం. ఇరువది ఏళ్ళకు పైగా ఔషధపు మొక్కలను కుండీలలో పెంచుతున్న అనుభవంతో ఈ మాట వ్రాస్తున్నాను.

కుండీ మార్చినపుడు మనం ఎంత జాగ్రత్తపడినా వెంట్రుకలవంటి సన్నని వేళ్ళు తెగుతాయి. మొక్కకు నీరు అందించేవి ముఖ్యంగా అవే. మట్టి వెచ్చగా ఉన్నపుడు అవి త్వరగా తిరిగి పుట్టుకొని వస్తాయి. చల్లని మట్టిలో వాటి పెరుగుదల మందగిస్తుంది. పగటి పొడిగాలికి ఆకులు తేమను వదులుతూనే ఉంటాయి. ఈలోగా వేళ్ళు పాకని కొత్తమట్టి తడి ఆరక నిలిచి కుళ్ళుకు తావిస్తుంది. ఈ కారణం చేతనే, మాటిమాటికీ మార్చే శ్రమ తప్పుతుందని చిన్న మొక్కను ఒకేసారి పెద్ద తొట్టిలోకి మార్చడం చలిరోజులలో మరింత ప్రమాదకరం.

మా వీధిలో ఒక పెద్దావిడ ఇంటి తులసి కిందటి ఏడు పుష్యమాసంలో నిలువునా వాడిపోయినది. తులసి ఎండితే ఇంటికి కీడని ఆమెకు దిగులు. ఆ దిగులుతో రెండుపూటలా మరికాస్త నీరు పోస్తూ వచ్చినారు. నేను వెళ్ళి చూచేసరికి మట్టి పిండితే నీరు కారేటట్లున్నది. విచారిస్తే, డిసెంబరులో కుమారుడు దానిని పెద్ద సిమెంటు తొట్టిలోకి మార్చి, బలమని పచ్చిపేడ కలిపినాడట. వేళ్ళు గోధుమవర్ణానికి తిరిగి దుర్వాసన వేస్తున్నవి. ఒక్క కొమ్మ మాత్రం పచ్చగా మిగిలినది. దానిని కణుపు క్రింద కోసి, అడుగు ఆకులు తీసివేసి, గాజుగ్లాసులో నీరుపోసి వంటింటి కిటికీలో ఉంచినాము. నీరు రెండురోజులకొకసారి మార్చినాము. మూడు వారాలు దాటిన తరువాత తెల్లని వేళ్ళు కనిపించినవి. రథసప్తమి వెళ్ళిన తరువాత కుండీలో నాటినాము. దోషం ఇంటిది కాదు, తడిదేనని తెలిసిన తరువాత గాని ఆమె మనసు కుదుటపడలేదు.

మన పెద్దల ఆచారం చూడండి. క్షీరాబ్ది ద్వాదశి నాటికి, అంటే కార్తికంలోనే, తులసికోట శుభ్రపరచి కొత్తమట్టి వేసి మొక్క నాటే అలవాటు చాలా ఇళ్ళలో ఉన్నది. చలి ముదరక ముందే వేరు నిలదొక్కుకొనే సమయమది. ఆ అదను దాటితే మార్గశిర పుష్యాలు, అంటే మన హేమంతం, గడిచేవరకు ఆగి రథసప్తమి తరువాత మార్చడం మంచిది. తులసి వేడిని కోరే మొక్క. ఉష్ణోగ్రత 10 డిగ్రీలకు దిగితే నల్లబడి ఆకు రాలుస్తుంది. ఆదిలాబాదు వైపు అంతకన్న క్రిందికి దిగే రాత్రులు ఉంటాయి. విశాఖ, కాకినాడ తీరాలలో చలి స్వల్పమే గనుక అక్కడివారికి ఇంత నిబంధన అక్కరలేదు. నెల్లూరు వైపు చిక్కు చలితో కాదు. ఈశాన్య ఋతుపవనాల వానలు డిసెంబరు దాకా పడుతూ కుండీలను ఆరనీయవు. కడియం నర్సరీల నుండి తెచ్చిన మొక్క గోదావరి తీరపు వెచ్చని, తేమగాలిలో పెరిగినది. దానిని హైదరాబాదు చలికి తెచ్చి ఆనాడే కవరు చింపి కుండీలో పెట్టడం దానికి రెండు దెబ్బలు ఒకేసారి కొట్టినట్లే. కవరుతోనే ఎండపొడ తగిలేచోట ఉంచి, పరిమితంగా నీరు పోస్తే చాలు.

తమలపాకు తీగకు కూడ తులసికి చెప్పినదే వర్తిస్తుంది. కలబంద తీరు వేరు. పొడిగా ఉంచగలిగితే దాని పిలకలను మన మైదానపు చలిలో కూడ విడదీయవచ్చును. గాయాన్ని రెండు మూడు రోజులు నీడలో ఆరనిచ్చి, ఇసుక పాలు ఎక్కువగా ఉన్న మట్టిలో నాటి, అయిదారు రోజులు నీరు పోయరాదు. విరిచినచోట కారే పసుపుపచ్చని చేదురసమే ఎండి ముసాంబరమవుతుంది. అది విరేచనకారి. గుజ్జు వాడేవారు దానిని పూర్తిగా కడిగివేయవలెను. గర్భిణులు లోపలికి తీసుకొనరాదు. వాము ఆకు మొక్కకైతే వేరు కదపడం కన్న నాలుగంగుళాల కొమ్మ త్రుంచి వేరే కుండీలో గుచ్చడం సులభం.

ఆగడానికి వీలులేని సందర్భం ఒకటున్నది. మట్టి తడిగా ఉండగానే ఆకులు పసుపుపచ్చగా మారి రాలుతూ, మట్టి నుండి కుళ్ళువాసన వస్తుంటే చలి అని జాప్యం చేయరాదు. ఎండ బాగా కాసిన రోజున, పదకొండు నుండి రెండు గంటల లోపల పని ముగించండి. నల్లబడి మెత్తనైన వేళ్ళను శుభ్రమైన కత్తెరతో తీసివేయండి. తెల్లగా గట్టిగా ఉన్నవాటిని ముట్టకండి. కోసినచోట పసుపు అద్దడం మా ఇంటి అలవాటు. వేళ్ళు తగ్గినవి గనుక కుండీ పాతదానికంటె పెద్దది అక్కరలేదు, చిన్నదైనా సరే. తోట ఎర్రమట్టి రెండు పాళ్ళు, ఇసుక ఒక పాలు, బాగా చివికిన పశువుల ఎరువు అర పాలు చాలును. కొబ్బరిపొట్టు తడిని పట్టి ఉంచుతుంది గనుక ఈ రోజులలో కలపకపోవడమే మేలు. అడుగు రంధ్రంమీద పెంకు వేయడం మన పాత పద్ధతి. అది మట్టి జారకుండా ఆపాలి గాని దారి మూసివేయరాదు. కొత్త మట్టికుండీ అయితే ముందురోజు నీటిలో నానవేయండి. మొక్కను వారం రోజులు నీడపట్టున ఉంచి, వేలు అంగుళం లోతుకు గుచ్చి చూచి, పొడిగా ఉంటేనే ఉదయంపూట నీరు పోయండి.

వేళ్ళు కుండీ అడుగున చుట్టలు చుట్టుకొన్నవని మాత్రమే మీ ఆదుర్దా అయితే, ఆ మొక్క రెండు నెలలు ఆగగలదు. పైమట్టి రెండు అంగుళాలు మెల్లగా తీసి కొత్తది వేస్తే సరిపోతుంది.

మరి దగ్గు ఆగదు గదా అంటారు. కుండీ మార్చిన తులసి రెండు జతల కొత్త చిగుళ్ళు తొడిగేదాకా ఆకు కోయవద్దు. అందుకని నేను కార్తికంలో, మొక్క నిండుగా ఉన్నపుడే, వెన్నులు త్రుంచి, ఆకు కొంత కోసి నీడలో ఎండబెట్టి సీసాకెత్తుతాను. చెంచాడు ఎండుటాకు, నలగ్గొట్టిన నాలుగు మిరియాలు, చిటికెడు శొంఠి గ్లాసు నీటిలో వేసి సగానికి మరిగించి, వడకట్టి, తాటిబెల్లంతో పెద్దలు వెచ్చగా త్రాగితే గొంతుకు హాయిగా ఉంటుంది. తేనె కలిపేవారు ఏడాది లోపు పసివారికి తేనె ఇవ్వరాదని మరువవద్దు. దగ్గు రెండు వారాలు దాటినా, జ్వరమో ఆయాసమో తోడైనా కషాయంతో కాలం గడపక వైద్యునికి చూపించుకోండి.

ఇక తిప్పతీగ సంగతి. చలికాలంలో ఇది ఆకు రాల్చి ఎండుపుల్లవలె కనబడుతుంది. చచ్చినదనుకొని పెరికి పారవేసేవారిని ఏటా చూస్తున్నాను. తీగమీది పలుచని పొరను గోటితో గీకి చూడండి. లోపల పచ్చగా ఉంటే కుండీ కదపకుండా, పదిరోజులకొకసారి కాస్త నీరు చల్లి వదిలివేయండి. ఎండలు ముదురుతుండగా చిగురు అదే తొడుగుతుంది.