పటంలో చుక్క లేని చోట మనిషి లేనట్టేనా?

భిలాయ్: ఛత్తీస్‌గఢ్‌లో ప్రాగైతిహాసిక మానవుడి జాడలంటే ముందుగా వినిపించే పేర్లలో రాయగఢ్ జిల్లాలోని సింఘన్‌పూర్ ఒకటి. అక్కడి గుహాచిత్రాలను 1910లో వెలుగులోకి తెచ్చింది పురావస్తు శాస్త్రవేత్త కాదు; బెంగాల్-నాగ్‌పూర్ రైల్వే ఇంజినీరు సి.డబ్ల్యు. ఆండర్సన్. ఆ రైల్వే మార్గం దుర్గ్, భిలాయ్‌ల మీదుగానూ సాగుతుంది. కానీ ఇక్కడి మైదానంలో ఇంజినీరు కంటపడేందుకు గుహలు లేవు, ఉన్నవి వరిపొలాలే.

పురావస్తు పటంపై ప్రతి చుక్కా రెండు సంగతులు చెబుతుంది. ఒకప్పుడు అక్కడ మనిషి ఉన్నాడన్నది మొదటిది. తర్వాత ఎవరో అక్కడికి వెళ్లి చూశారన్నది రెండోది. ఈ రెండోదాన్ని మరచి పటాన్ని చదివితే కలిగే దోషమే అన్వేషణ పక్షపాతం. 1863లో మద్రాసు సమీపంలోని పల్లవరంలో పాతరాతి యుగపు పనిముట్టును గుర్తించిన రాబర్ట్ బ్రూస్ ఫుట్ సైతం భూగర్భ సర్వేక్షణ ఉద్యోగే. ఉద్యోగరీత్యా ఆయన తిరిగిన చోట్లనే తొలి చుక్కలు పడ్డాయి.

దొరకాలంటే మిగలాలి కూడా. బాలోద్ జిల్లా కర్కాభాట్‌లోని బృహత్ శిలా సమాధులు నేలపైనే కనిపిస్తాయి. శివ్‌నాథ్ నది ఒండ్రు కింద పూడిన రాతి పనిముట్టుకు, పాక గుంజ పాతిన గుంతకు ఆ అదృష్టం ఉండదు.

సోవియట్ సహకారంతో భిలాయ్ ఉక్కు కర్మాగారానికి ఒప్పందం కుదిరిన 1955లోనే నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది. ముంపునకు ముందు నాగార్జునకొండ లోయలో 1954 నుంచి 1960 వరకు తవ్వకాలు సాగాయి. పాతరాతి యుగపు పనిముట్లు మొదలు బృహత్ శిలా సమాధుల వరకు బయటపడ్డాయి. నిజానికి ఆ శ్రద్ధకు మూలం 1926లోనే వెలుగుచూసిన ఇక్ష్వాకుల కాలపు బౌద్ధ శిథిలాలు. తెలిసిన చోటే మరింత తెలిసిందన్నమాట. భిలాయ్‌కు అలాంటి ముందస్తు కీర్తి లేదు. పొలాలు చదునయ్యాయి, 1959 ఫిబ్రవరిలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభమైంది. ఆ నేల పైపొరను మళ్లీ పరిశీలించడం ఇక సాధ్యం కాదు.

ఆఫ్రికాలోనూ ఇదే చిక్కు. ఆది మానవ శిలాజాలు విరివిగా దొరికిన తూర్పు ఆఫ్రికా పగులు లోయ ఆ ఖండ విస్తీర్ణంలో సుమారు 1 శాతమేనని శాస్త్రవేత్తలు బార్, వుడ్ 2024లో ప్రచురించిన అధ్యయనంలో గుర్తుచేశారు.

కొత్త గనులు, రహదారులు, కర్మాగారాల వేళ ఈ దోషం మరింత బరువెక్కుతుంది. చుక్క లేదని పరిశీలన జరగదు. పరిశీలన జరగక చుక్క పడదు. అందుకే పొలాల్లో వరుసలుగా నడుస్తూ సాగించే క్షేత్ర సర్వేల్లో ఏమీ దొరకని గట్లను కూడా నమోదు చేస్తారు. వెతికినా దొరకని చోటుకు ఒక గుర్తు, ఎవరూ అడుగుపెట్టని చోటుకు మరొకటి.